పొగ ఏ వేళకి వస్తోందో చూడు, అల్లుడూ



మీ అమ్మ ఫోన్ చేసి కంగారు పడింది. నీ కారు పొగ కొడుతోందట, మెకానిక్ ఇంజిన్ దించాలన్నాడట. నువ్వు పంపిన వీడియో చూశాను. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ కింద సిగ్నల్ పడటం, బండి కదలటం, వెనక ఆటో అతను కండువా ముక్కుకి అడ్డం పెట్టుకోవటం అన్నీ బాగానే కనబడ్డాయి. పొగ నిజమే. ఇంజిన్ దించటానికి మాత్రం ఇప్పుడే ఒప్పుకోకు. ఒకసారి విప్పాక అసలు పొగ ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పటం ఎవరి తరమూ కాదు. అప్పుడు కనబడిన సామానల్లా మార్చేస్తారు, నువ్వు లక్షల్లో కడతావు.

అందరూ పొగ రంగు అడుగుతారు. నీలమైతే ఆయిల్, నలుపైతే ఇంధనం ఎక్కువ, తెలుపైతే నీళ్ళు. మా ఆర్టీసీ వర్క్‌షాపులో డీజిల్ బస్సులకి ఈ లెక్క చాలావరకు సరిపోయేది. నీ దానిలా టర్బో ఉన్న పెట్రోలు బండికి రంగు ఒక్కటే చాలదు. టర్బోలోంచి ఆయిల్ ఎర్రగా కాలిన సైలెన్సర్ గొట్టంలోకి కారితే తెల్లటి మేఘంలా వస్తుంది, హెడ్ గ్యాస్కెట్ పోయిందని భయపెడుతుంది. చలికాలం పొద్దున వచ్చే తెల్లపొగ వట్టి ఆవిరి. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్ళు పుడతాయి, అవి బయటికి రావాలి కదా! సైలెన్సర్ చివర తెల్ల గుడ్డ కాసేపు పట్టుకో. తడిసి ఆరిపోతే నీళ్ళు. జిడ్డు మరక మిగిలితే ఆయిల్. తియ్యటి వాసన వచ్చి, కూలెంట్ డబ్బాలో మట్టం తగ్గుతుంటే అప్పుడు గ్యాస్కెట్ మాట ఎత్తు.

రంగు కన్నా పొగ ఏ వేళకి వస్తోందన్నది ముఖ్యం. నీ రోజువారీ దారే దీనికి మంచి పరీక్ష. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ చేరేలోపు ఎన్ని సిగ్నళ్ళు! ఐడిల్‌లో థ్రాటిల్ మూసుకుని ఉంటుంది కాబట్టి ఇన్‌టేక్ వైపు గాలి గట్టిగా లాగుతుంది. వాల్వ్ సీళ్ళు వయసుకీ వేడికీ గట్టిపడి ఉంటే, ఆ లాగుడుకి ఆయిల్ వాల్వ్ కాడ వెంబడి చుక్కలు చుక్కలుగా దిగుతుంది. పచ్చలైటు పడి యాక్సిలరేటర్ తొక్కగానే ఆ పోగైన ఆయిలంతా ఒక్కసారి కాలి గుప్పుమంటుంది, నాలుగైదు సెకన్లలో తేలిపోతుంది. రాత్రంతా ఆపి పొద్దున స్టార్ట్ చేసినప్పుడు ఒక్క గుప్పు వచ్చి ఆగిపోయినా ముందు అనుమానించాల్సింది సీళ్ళనే.

పిస్టన్ రింగుల పొగ అలా ఉండదు. బరువు మీద, గట్టిగా తొక్కినంతసేపూ వస్తూనే ఉంటుంది. హయత్‌నగర్ దాటి విజయవాడ హైవే మీద ఖాళీ దొరికినప్పుడు మూడో గేర్‌లో కాస్త వేగం ఎత్తి, గేర్‌లో ఉండగానే యాక్సిలరేటర్ వదిలేసి ఆరేడు సెకన్లు పోనిచ్చి, మళ్ళీ తొక్కు. వెనక ఇంకో బండిలో నీ స్నేహితుణ్ణి రమ్మను, అద్దంలో నువ్వు చూసుకుంటే తెలియదు. మళ్ళీ తొక్కిన క్షణంలో గుప్పుమంటే సీళ్ళు. తొక్కుతున్నంతసేపూ తోకలా వెంటపడితే రింగులు, లేదా టర్బో.

సిగ్నల్ దగ్గర నిలబడ్డాక వచ్చే పొగకి సీళ్ళే కాదు, టర్బో కూడా కారణం కావచ్చు. టర్బో నుంచి ఆయిల్ కిందికి దిగే గొట్టం మడ్డి పట్టి ఇరుకైతే, ఆయిల్ పోయే దారిలేక టర్బో సీళ్ళ పక్కనుంచి బయటికి తన్నుతుంది. ఈ రెండింటినీ విడదీసేది స్పార్క్ ప్లగ్గులే. నాలుగూ విప్పి, ఏది ఏ సిలిండర్‌దో తప్పకుండా పాత పేపరు మీద వరసగా పెట్టు. మంచి ప్లగ్గు మొన లేత గోధుమరంగులో పొడిగా ఉంటుంది. మూడు పొడిగా ఉండి ఒక్కటి మాత్రం నల్లగా, మరలదాకా తడిసి, గోటితో గీకితే జిగురుగా వచ్చిందా, జబ్బు ఆ ఒక్క సిలిండర్‌లోనే. నాలుగూ తడిస్తే ఆయిల్ అందరికీ పంచే దారేదో చూడాలి. నాలుగూ శుభ్రంగా ఉండి కూడా పొగ దట్టంగా వస్తోందా, అప్పుడు ఆయిల్ సిలిండర్లలో కాలటం లేదు, వాటిని దాటాక ఎగ్జాస్ట్‌లో పడుతోంది. అది టర్బో పని. బోరు చేయించినా ఆ పొగ తగ్గదు.

నాలుగు ప్లగ్గులూ తడిస్తే ముందు పీసీవీ వాల్వు చూడు. ఇంజిన్ లోపలి ఆవిరిని మళ్ళీ ఇన్‌టేక్‌కి పంపే చిన్న సామాను అది. దానిలోని రబ్బరు పొర చిరిగితే ఆవిరితోపాటు ఆయిల్‌నీ లాగేస్తుంది. ఐడిల్‌లో ఆయిల్ మూత తీసి చూడు. మూత గట్టిగా అతుక్కుని రానంటే, ఈలలాంటి చప్పుడొస్తే పొర చిరిగినట్టే. మూత తీసిన కన్నంలోంచి పొగ పఫ్ పఫ్‌మని పైకి తంతే రింగుల వైపు చూడాలి. ఇంజిన్ పని ఖర్చుతో పోలిస్తే ఈ వాల్వు ఖరీదు ఏపాటిది?

మెకానిక్ కంప్రెషన్ చూశాడనీ అన్నిట్లో బాగానే ఉందనీ రాశావు. దాంతో రింగులు మంచివని తేల్చెయ్యకు. పిస్టన్‌కి పైన ఒత్తిడి పట్టే రింగులు వేరు, కింద ఆయిల్ గీకే రింగు వేరు. ఆ కింది రింగు మసితో బిగుసుకుపోతే కంప్రెషన్ నిక్షేపంగా ఉంటుంది, ఆయిల్ మాత్రం తాగుతూనే ఉంటుంది. అమెరికాలో 2009–11 నాటి ఆడి టర్బో పెట్రోలు కార్ల యజమానులు కోర్టుకెక్కింది ఇలా ఆయిల్ తాగటం మీదే. అన్నట్టు, కొన్ని బండ్లకి పొగ జబ్బే కాదు. సిలిండర్లు పడుకుని ఉండే పోర్షే పొద్దున ఒక గుప్పు వదలటం మామూలే. 1991లో లె మాన్స్ రేసు గెలిచిన మాజ్డా రోటరీ ఇంజిన్ జాతికైతే ఆయిల్ కావాలనే లోపలికి పోసి కాల్చాలి.

నీ బండి సెకండ్‌హ్యాండ్ కదా. అమ్మేముందు చిక్కటి ఆయిలో, పొగ ఆపే మందో పోసి మూసిపెట్టటం కొందరికి అలవాటు. అందుకని ముందు మాన్యువల్‌లో చెప్పిన ఆయిల్, ఫిల్టరు వేయించు. గీత దాటి పోయనివ్వకు, ఎక్కువైనా పొగే. చదునైన చోట, ఇంజిన్ వేడెక్కాక ఆపి, కొద్ది నిమిషాలాగి డిప్‌స్టిక్ చూసి, మీటరు రాసిపెట్టుకో. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఎంత పోస్తే మళ్ళీ గీతకొచ్చిందో కొలువు. ఫోక్స్‌వ్యాగన్ మాన్యువళ్ళే వెయ్యికి అర లీటరు దాకా ఫరవాలేదంటాయి. నాకది ఎక్కువే అనిపిస్తుంది, కానీ పావు లీటరుకి ఇంజిన్ దించటం తెలివితక్కువ.

పాత ఓనరు డౌన్‌పైప్ మార్చి, క్యాటలిటిక్ కన్వర్టర్ పీకించాడేమో కూడా చూడు. అది ఉన్నప్పుడు కొంత ఆయిల్ లోపలే కాలిపోయి కనబడదు, పీకాక అదే ఆయిల్ వీధికెక్కుతుంది. ఒకవేళ ఉంటే మాత్రం ఈ పొగతో ఎక్కువ తిప్పకు. ఆయిల్‌లోని ఫాస్ఫరస్ దాన్ని తినేస్తుంది. పెట్రోలు బంకు దగ్గరి వ్యానులో పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చారని ధీమాగా ఉండకు. పెట్రోలు బండికి వాళ్ళు కొలిచేది కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు. పొగ దట్టం కొలిచే పరీక్ష డీజిల్‌కే.

ఆదివారం పొద్దున ఎల్బీనగర్ వస్తున్నాను. ప్లగ్గు సాకెట్ నేనే తెస్తాను, పాత పేపరు, తెల్ల గుడ్డ నువ్వు చూసిపెట్టు. శనివారం రాత్రి బండి పెట్టాక నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకు. మొదటి పొగ నేను చూడాలి.

అమ్మకి చెప్పు, టిఫిన్ అక్కడే.

ఇట్లు,
మీ మామయ్య