మోకాళ్ల అరుగుదలకు కండరాల కంపన చికిత్స: ఎంతవరకు పనికొస్తుంది?

హుస్నాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో నాట్లు, కలుపు తీత, పత్తి ఏరడం, ఏ పని చూసినా వంగుడు, కూసునుడు, లేసుడే. తాళ్లెక్కే గీత కార్మికులకు, గంటల తరబడి కాళ్లు ముడుచుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లకూ భారమంతా మోకాళ్ల మీదే. యాభై దాటాక "కూసుంటే లేవస్తలేదు" అనే మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. కొందరు సూదులు, గోలీలతో నెట్టుకొస్తున్నారు. కండరాన్ని వణికించే మిషన్ గురించి విని, కొందామా అని అడిగేవారూ ఉన్నారు. డబ్బు పెట్టేముందు అసలు సంగతి తెలుసుకోండి.

అరిగేది పొర, నీరసించేది కండరం

మోకాలిలో ఎముకల కొసలను నున్నటి మృదులాస్థి పొర కప్పి ఉంచుతుంది. దీన్నే మనవాళ్లు 'గుజ్జు' అంటారు. వయసు, అధిక బరువు, పాత దెబ్బలు, ఏండ్ల తరబడి మోకాళ్లు మడిచి చేసే పనులు దీన్ని దెబ్బతీస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో 52.8 కోట్ల మందికి కీళ్ల అరుగుదల ఉంది. వారిలో 36.5 కోట్ల మందికి అది మోకాలిలోనే.

ట్రాలీకి కమాను పట్టీలు ఎట్లనో, మోకాలికి తొడ ముందు కండరం అట్ల. అదురును తనమీద వేసుకుని కీలును కాపాడుతుంది. అయితే కీలులో నొప్పి, వాపు ఉన్నప్పుడు నరాలు ఈ కండరానికి పంపే ఆజ్ఞ తగ్గిపోతుంది. లో ఓల్టేజీలో మోటారు నీళ్లు ఎత్తనట్టే, కండరం ఉండీ పూర్తి బలం చూపదు. నొప్పికి భయపడి నడక మానేస్తే అది ఇంకా సన్నబడుతుంది.

కంపనం చేసే పని

కండరంలో సాగుదలను పసిగట్టే సన్నని నిర్మాణాలు ఉంటాయి. పైనుంచి వేగంగా కంపనం ఇస్తే అవి మేల్కొని వెన్నుపాముకు సంకేతం పంపుతాయి. దాంతో కండరం తనంతట తానే బిగుసుకుంటుంది. స్వీడన్ శాస్త్రవేత్తలు హాగ్బార్త్, ఎక్లుండ్ 1966లోనే దీన్ని వివరించారు. తొడ మీద చిన్న పరికరం ఆనించడం ఒక పద్ధతి. కంపించే పలక మీద నిలబెట్టడం మరొకటి.

ఫలితాలపై అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పడం లేదు. కొన్నింటిలో నొప్పి తగ్గి, బలం పెరిగింది. మరికొన్నింటిలో వ్యాయామం ఒక్కటే చేసినవారికీ అంతే మేలు జరిగింది. కాబట్టి ఇది వ్యాయామానికి తోడు మాత్రమే. అరిగిన పొరను ఇది తిరిగి పెంచదు.

"రోజంతా ట్రాక్టర్ మీద అదురుతూనే ఉంటం, మరి నొప్పి పోదేం?" అని అడగవచ్చు. ట్రాక్టర్ అదురు నెమ్మదిగా, గంటల తరబడి, ఒళ్లంతటికీ తగులుతుంది. అది నడుముకు చేటు. చికిత్సలో కొలిచిన వేగంతో, కొద్ది నిమిషాలు మాత్రమే ఇస్తారు.

ఇంట్లో చేయదగినవి

1. మంచం మీద కాళ్లు చాపి కూర్చోండి. మోకాలి కింద తువ్వాల చుట్ట పెట్టి, దాన్ని కిందికి నొక్కి అయిదు లెక్కపెట్టే వరకు ఉంచండి. పదిసార్లు చేయాలి.

2. వెల్లకిలా పడుకుని ఒక కాలు మడవండి. రెండో కాలు వంచకుండా జానెడు పైకెత్తి, అయిదు లెక్కపెట్టి దించండి. ఇదీ పదిసార్లు.

3. ఎత్తయిన కుర్చీలోంచి మెల్లగా లేచి, మెల్లగా కూర్చోండి. చేతనైనన్ని సార్లు.

ఒకటి రెండు రోజుల్లో గుణం కనిపించలేదని మానరాదు. కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టుదలగా చేయాలి. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2022 మార్గదర్శకాల్లోనూ వ్యాయామానికి, బరువు తగ్గడానికి పెద్దపీట వేశారు. ఒంటి బరువు కిలో తగ్గితే, ప్రతి అడుగులో మోకాలిపై సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో అమెరికాలో జరిగిన అధ్యయనం తేల్చింది.

పనిలోనూ మార్పు చేసుకోండి. కలుపు తీసేటప్పుడు పొడవు పిడి ఉన్న పనిముట్లు వాడండి. బీడీలు చుట్టేవారు అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి. మరుగుదొడ్డిలో కుర్చీ కమోడ్ మేలు.

జాగ్రత్తలు

కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టినవారు, గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు, కొత్తగా ఎముక విరిగినవారు, గర్భిణులు డాక్టరును అడగకుండా కంపన చికిత్స తీసుకోరాదు. మోకాలు ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వచ్చినా, కింద పడ్డాక కాలు మోపలేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నొప్పి గోలీలు సొంతంగా నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి.

ముందు ఎముకల డాక్టరుకు చూపించి, ఫిజియోథెరపిస్టు దగ్గర వ్యాయామం నేర్చుకోండి. కంపనం అవసరమని వారు చెబితే వారి దగ్గరే తీసుకోండి. మిషన్ కోసం అప్పు చేయాల్సిన పని లేదు. తువ్వాల చుట్టతో మొదలుపెట్టే వ్యాయామానికి పైసా ఖర్చు లేదు.