మీ అమ్మ వేళ్లు

చిట్టితల్లీ,

నీ ఉత్తరం అందింది. 2018లో తిత్లీ తుపానుకి చెట్లు కూలినచోట మీ చిన్నాన్న వేసిన జీడిమొక్కలు ఈ ఏడు కొమ్మకొమ్మకీ పూశాయి. నువ్వొచ్చేసరికి పిందె పడుతుంది.

పెళ్లి రెండు నెలలుందనగా చెంపల మీద మంగుని లేజర్‌తో తీయించుకుంటానని రాశావే, అది చదివాక నాకు నిద్ర లేదు. ఎవర్నడిగి డబ్బు కట్టావు? ఇన్నేళ్లు చర్మం వార్డులో నర్సుగా చేసిన పిన్ని గుర్తు రాలేదా? సరేలే, కోపం కాదమ్మా, భయం.

మీ అమ్మ వేళ్లు ఎప్పుడైనా దగ్గరగా చూశావా? పలాస ఫ్యాక్టరీలో జీడిపిక్కలు కొట్టేటప్పుడు చేతులకి నూనె రాసుకునే కూర్చునేది అక్క. అయినా పెంకులోంచి జీడి చిందినచోటల్లా పొక్కేది. పొక్కు మానేది, నలుపు మాత్రం నెలల తరబడి పోయేది కాదు.

మన చాయ అంతే. కాలినచోట నల్లబడుతుంది. లేజర్ కూడా వేడే తల్లీ. ఆ వెలుగు నల్లరంగు ఉన్నచోట ఇంకి వేడిగా మారుతుంది. మచ్చ ఏదో, నీ ఒంటిరంగు ఏదో దానికి తెలీదు. లేజర్‌తో పచ్చబొట్టు తీసే సంగతి వేరు. రెప్పపాటులో పడే దెబ్బకి సిరా నలిగి పొడైపోతుంది, ఒంట్లో కణాలు ఆ పొడిని మెల్లగా మోసుకుపోతాయి. మంగులో అలా కాదు, రంగు తయారుచేసే కణాలే రేగి ఉంటాయి. వేడి తగిలితే ఇంకా రేగొచ్చు. తగ్గినట్టే తగ్గి, ముందుకంటే నల్లగా తిరిగొచ్చిన ముఖాలు నేను చూశాను.

నా గడ్డం సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. అక్కడి వెంట్రుకలు పోవడానికి ఒకచోట లేజర్ పెట్టించుకున్నాను. అంతకుముందు వారమంతా తోటలో ఎండలోనే ఉన్నాను, ఆ మాట వాళ్లకి చెప్పలేదు. ఏ మిషనో అడగలేదు. మనలాంటివాళ్లకి 1064 నానోమీటర్ల వెలుగు నయం, పైరంగుని అంతగా పట్టుకోకుండా వెంట్రుక కుదురుదాకా దిగుతుంది. నాకు పెట్టింది అది కాదని తర్వాత తెలిసింది. చురుక్కుమన్నా పళ్ల బిగువున ఓర్చుకున్నాను. చింతగింజలంత మచ్చలు తేలాయి. ఎనిమిది నెలలు కొంగు చాటునే తిరిగాను.

ముందు చర్మం డాక్టరు దగ్గరికెళ్లు, పార్లరుకి కాదు. మంగుకి మొదట పూతమందు, ఎండకి రాసుకునే క్రీము. లేజర్ తప్పదంటే ఓ మూల చిన్నచోట పెట్టి, కొన్ని వారాలు ఆగి చూడమను. కళ్లకి అడ్డం లేకుండా బల్లెక్కకు. నొప్పి పుడితే నీ అంతట నువ్వు బిళ్లలు మింగకు. ఉద్దానం పిల్లవి, కిడ్నీలు పాడై డయాలసిస్‌కి తిరుగుతున్న మీ మావయ్యని చూస్తూనే ఉన్నావుగా.

కట్టిన డబ్బు పోతే పోనీ, నేనిస్తాను. ఆదివారం ఫోన్ చెయ్యి. అక్కకి ఇంకా ఏమీ చెప్పలేదు.

నీ పిన్ని