ప్రాసెసర్ వేడి, లిక్విడ్ కూలర్: సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: మా అబ్బాయి ఇంజినీరింగ్ చదువుతున్నాడు. కంప్యూటర్‌కి నీళ్లతో నడిచే కూలర్ పెట్టించుకుంటానంటున్నాడు. కరెంటు ఉన్నచోట నీళ్లేమిటని నాకు భయం. కారితే షాక్ కొట్టదా? ఈ మాటంటే వాడు నవ్వేస్తున్నాడు.
- ఒక తండ్రి, గుంటూరు

జవాబు: నవ్వాల్సిన విషయమేమీ కాదు, నీళ్లూ కరెంటూ పక్కపక్కన ఉన్నాయంటే ఎవరికైనా గుండె జల్లుమంటుంది. కానీ షాక్ గురించి బెంగ పెట్టుకోకండి. గోడ ప్లగ్గులోంచి వచ్చే 230 వోల్టులు ఎస్‌ఎంపీఎస్ అనే ఇనుప డబ్బాలోనే ఆగిపోతాయి, అక్కణ్ణుంచి బోర్డుకి వెళ్లేది 12 వోల్టులూ అంతకన్నా తక్కువే. ఇప్పుడు దొరికే కూలర్లు ఎక్కువగా ఫ్యాక్టరీలోనే నింపి సీలు చేసినవి కాబట్టి మీవాడు చేత్తో నీళ్లు పోయాల్సిన పని ఉండదు. కారడం అరుదు. కారినా దెబ్బతినేది బోర్డు, కిందనున్న గ్రాఫిక్స్ కార్డు లాంటి భాగాలే. గొట్టం బిగించినచోట తడిగానో జిగటగానో కనిపిస్తే మాత్రం వెంటనే స్విచ్ ఆపి ప్లగ్గు పీకేయమనండి. కారి పాడైన భాగాలకు కూడా పరిహారం ఇచ్చే కంపెనీలున్నాయి, కొనేముందు వారంటీ కాగితంలో ఆ మాట ఉందో లేదో ఒకసారి చదవండి.

ప్రశ్న: నాది రైజెన్ 9 7950ఎక్స్. వీడియో రెండర్ పెడితే నిమిషం తిరక్కుండానే 95 డిగ్రీలు చూపిస్తోంది. 360 మిల్లీమీటర్ల రేడియేటర్ ఉన్న కూలర్ వేసినా అంతే. ఇన్ని వేలు పోసి కొన్న ప్రాసెసర్ కాలిపోతుందేమోనని నిద్ర పట్టడం లేదు.
- వీడియో ఎడిటర్, హైదరాబాద్

జవాబు: నిశ్చింతగా నిద్రపోండి, 95 ఇక్కడ జ్వరం కాదు. 2022లో ఈ తరం చిప్‌లు వచ్చినప్పుడే, గట్టి పని పడితే 95 దాకా వెళ్లి అక్కడ నిలబడేలా వీటిని తయారుచేశామని ఏఎండీ చెప్పింది. మంచి కూలర్ పెడితే చాలాసార్లు వేడి తగ్గదు, అదే 95 దగ్గర వేగం కాస్త పెరుగుతుంది. అందుకని డిగ్రీలు పక్కనపెట్టి గిగాహెర్ట్జ్ చూడండి. ఆ అంకె చూస్తూ కూర్చోలేకపోతే బయోస్‌లో ఎకో మోడ్ 105 వాట్లు పెట్టండి, రెండర్ కాస్త ఆలస్యమైనా వేడి బాగా తగ్గుతుంది. ఏ పనీ లేనప్పుడు కూడా 80, 90 చూపిస్తున్నా, రెండర్ మధ్యలో దానంతటదే ఆరిపోతున్నా అప్పుడు కంగారు పడండి.

ప్రశ్న: ఐ9-14900కె తీసుకున్నాను, ఓవర్‌క్లాక్ చేయాలని, అంటే మామూలు కన్నా ఎక్కువ వేగంతో నడపాలని ఉంది. ఒక షాపులో 240 చాలన్నారు, ఇంకో షాపులో 420 లేకపోతే చిప్ పోతుందన్నారు. ఎవరి మాట వినాలి?
- విశాఖపట్నం

జవాబు: క్యాబినెట్‌లో పడితే 360 తీసుకోండి. ఈ చిప్‌కి ఇంటెల్ పెట్టిన గరిష్ఠ టర్బో హద్దు 253 వాట్లు. మొదట్లో చాలా బోర్డులు ఆ హద్దు ఎత్తేసే వచ్చేవి, అప్పుడు అన్ని కోర్లకూ పని పడితే 300 దాటేస్తుంది. అంత వేడికి 240 వేస్తే ఫ్యాన్లు హోరెత్తిపోతాయి. అలాగని 420 వేస్తే కష్టాలన్నీ తీరవు. వేడి పుట్టేది గోరంత చిప్‌లో, అది ముందు రాగి పలకకి ఎక్కాలి. ఆ ఇరుకు దారి మారనంతకాలం రేడియేటర్ ఎంత పెంచినా లాభం కొంచెమే. హద్దులన్నీ తీసేస్తే 360 ఉన్నా 100 డిగ్రీలు తగలొచ్చు. అక్కడ చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, కాలిపోదు.

నిజానికి మీరు ముందు చూసుకోవాల్సింది కూలర్ కాదు, బయోస్. 13, 14 తరాల చిప్‌లు కొన్ని ఎక్కువ వోల్టేజీ వల్ల మెల్లమెల్లగా పాడవుతున్నాయని 2024లో ఇంటెల్ ఒప్పుకుంది. అదే ఏడాది ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో దాన్ని సరిచేసే మైక్రోకోడ్ ఇచ్చింది, వారంటీని రెండేళ్లు పొడిగించింది. ఏ కూలరూ ఆ లోపాన్ని మాన్పలేదు. బయోస్ అప్‌డేట్ చేసి, ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగులతో కొన్నాళ్లు వాడి చూడండి. నన్నడిగితే ఈ చిప్‌ని ఇంకా పరుగెత్తించడం కన్నా వోల్టేజీ కాస్త తగ్గించి నడపడమే తెలివి. గ్రాఫిక్స్ కార్డు బాగానే ఉన్నా ‘వీడియో మెమరీ చాలదు’ అంటూ గేములు మూసుకుపోతుంటే మాత్రం ఆలస్యం చేయకుండా వారంటీకి ఇచ్చేయండి.

ప్రశ్న: ఐ5-12400ఎఫ్‌కి 240 లిక్విడ్ కూలర్ కొన్నాను. బయోస్ అంతా వెతికినా ఓవర్‌క్లాక్ చేసే చోటు కనబడలేదు. బోర్డు పాడైందా? నేనేమైనా తప్పు చేశానా?
- డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: బోర్డు బాగానే ఉంది, మీరూ ఏ తప్పూ చేయలేదు. ఇంటెల్ చిప్‌లలో మామూలుగా పేరు చివర ‘కె’ ఉన్నవాటికే ఆ తాళం తీసి ఇస్తారు, దానికి జెడ్ రకం బోర్డు కూడా ఉండాలి. మీ చిప్ గరిష్ఠంగా లాగేది 117 వాట్లు, ఒక మోస్తరు గాలి కూలర్ దానికి సరిపోతుంది. పెట్టె ఇంకా విప్పకపోతే వాపసు ఇచ్చి ఆ డబ్బు గ్రాఫిక్స్ కార్డుకి కలుపుకోండి. విప్పేసి ఉంటే ఫ్యాన్లు నెమ్మదిగా తిరిగేలా పెట్టుకోండి, చప్పుడు లేని కంప్యూటర్ కూడా ఒక సుఖమే.

ప్రశ్న: 360 రేడియేటర్‌ని క్యాబినెట్ పైభాగంలో బిగించబోతే ర్యామ్‌కి తగులుతోంది. కాస్త నొక్కితే పడుతుందేమో?
- నెల్లూరు

జవాబు: నొక్కకండి. చాలా రేడియేటర్ల మందం 27 మిల్లీమీటర్లు, ఫ్యాన్లు 25, మొత్తం 52. ఆర్కిటిక్ లిక్విడ్ ఫ్రీజర్ 3 లాంటివాటికి రేడియేటరే 38, ఫ్యాన్లతో 63 అవుతుంది. పైన అంత ఖాళీ లేదు కాబట్టి, ముందువైపు చోటుంటే అక్కడ బిగించండి. ప్రాసెసర్‌కి నష్టమేమీ లేదు, గ్రాఫిక్స్ కార్డు మాత్రం కాస్త వేడెక్కుతుంది.

ప్రశ్న: కొత్త కూలర్ ఆన్ చేయగానే లోపల గుళగుళమని చప్పుడు. ఎక్కడో కారుతోందని భయమేసి ఆపేశాను.
- తిరుపతి

జవాబు: ఆన్ చేసుకోండి, అది కారే చప్పుడు కాదు. నింపినప్పుడు లోపల మిగిలిన గాలి బుడగలు పంపులోంచి పోతున్న చప్పుడది, మొదటి కొన్ని రోజులు మామూలే. గాలి ఎప్పుడూ అన్నిటికన్నా ఎత్తైన చోటికే చేరుతుంది. ఆ చోటు రేడియేటర్‌లో ఉండాలి, పంపులో ఉండకూడదు. రేడియేటర్‌ని క్యాబినెట్ అడుగున బిగించి ఉంటే పైకి గానీ ముందుకి గానీ మార్చండి. వారం పది రోజులైనా తగ్గక, చప్పుడు గరగరగా మారి వేడి కూడా పెరుగుతుంటే పంపు పాడవుతున్నట్టే, మార్పించుకోండి.

ప్రశ్న: మొదటిసారి సొంతంగా కంప్యూటర్ బిగించుకున్నాను. బయోస్‌లోనే 90 దాటింది, కాసేపటికి ఆరిపోయింది. ప్రాసెసర్ పోయినట్టేనా?
- ఖమ్మం

జవాబు: పోయి ఉండదు, అలా ఆరిపోవడమే అది తనను తాను కాపాడుకుందనడానికి గుర్తు. ప్లగ్గు తీసి, ప్రాసెసర్ మీదున్న పంపు విప్పి, దాని రాగి పలకని వెలుతురులో కాస్త పక్కకి వంచి చూడండి. పల్చటి ప్లాస్టిక్ పొర అంటుకుని ఉండొచ్చు, అది తీయడం మరిచిపోయేవాళ్లలో చేయి తిరిగినవాళ్లూ ఉన్నారు. పొర లేకపోతే పంపు వైరు చూడండి. అది బోర్డు మీద ‘ఏఐఓ పంప్’ అని రాసి ఉన్న పిన్నులకు గానీ, మీ మోడల్‌ని బట్టి ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే సాటా వైరుకి గానీ తగిలి ఉండాలి. ఆన్ చేశాక పంపు మీద వేలు పెడితే సన్నటి అదురు తెలియాలి. తిరిగి బిగించేటప్పుడు పాత పేస్ట్ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది శనగగింజంత పెట్టి, నాలుగు స్క్రూలనీ ఎదురెదురుగా కొంచెం కొంచెం తిప్పుతూ రండి. ఆ తర్వాత బయోస్‌లో 40, 50 దగ్గర నిలబడితే అంతా బాగున్నట్టే.

ప్రశ్న: జనవరిలో ఓవర్‌క్లాక్ చేసినప్పుడు గేముల్లో 70 ఉండేది. ఇప్పుడు మే నెల, 85 చూపిస్తోంది. కూలర్ చెడిపోయిందా? డెజర్ట్ కూలర్ తెచ్చి క్యాబినెట్ ముందు పెట్టమంటున్నాడు మా తమ్ముడు.
- విజయవాడ

జవాబు: కూలర్ బాగుంది, ఎండలే బాగాలేవు. గది వేడి ఎంత పెరిగితే ప్రాసెసర్ వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది. గది 24 నుంచి 38కి వెళితే 70 కాస్తా 84 కావడం మామూలే. లిక్విడ్ కూలర్ వేడిని గదిలోకి పారేస్తుందే తప్ప గది వేడి కన్నా కిందికి దించలేదు. డెజర్ట్ కూలర్ మాత్రం వద్దు, దాని తడిగాలి బోర్డు మీదికి నేరుగా కొట్టకూడదు. ఏసీ గాలి తగిలినా పరవాలేదు. రేడియేటర్ రెక్కల్లో పేరుకున్న దుమ్ము మెత్తటి బ్రష్‌తో దులపండి, వానలు పడేదాకా ఓవర్‌క్లాక్ తీసేసి మామూలు వేగంతో ఆడుకోండి, ఆటలో తేడా పెద్దగా తెలియదు. దులిపాక, మామూలు వేగంతో కూడా 100 దగ్గరే ఉంటే పంపు చూపించాలి.

ప్రశ్న: నా కూలర్‌కి ఆరేళ్లు. లోపల నీళ్లు తగ్గి ఉంటాయని స్నేహితుడంటున్నాడు. విప్పి మినరల్ వాటర్ పోయొచ్చా?
- ఒంగోలు

జవాబు: పోయకండి. ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు గొట్టాల్లోంచి ద్రవం కొంచెం కొంచెంగా ఆవిరవడం నిజమే, కంపెనీలు ఐదారేళ్ల వారంటీతో ఆగిపోవడానికి అదీ ఒక కారణం. కానీ చాలా కూలర్లలో రేడియేటర్ అల్యూమినియం, పలక రాగి. లోపలి ద్రవంలో తుప్పు ఆపే మందు కలిపి ఉంటుంది, ఉత్త నీళ్లు పోస్తే ఆ రెండు లోహాల మధ్య తుప్పు మొదలై సన్నటి దారులు మూసుకుపోతాయి. వేడి ఎప్పటిలాగే ఉంటే ఇంకా వాడుకోవచ్చు. గేము నడుస్తుండగా రెండు గొట్టాలూ పట్టుకుని చూడండి, ఒకటి బాగా వేడిగా, ఇంకొకటి చల్లగా ఉంటే ద్రవం కదలడం లేదన్నమాట. అప్పుడు కొత్తది తెచ్చుకోండి. మీ బోర్డు సాకెట్‌కి సరిపడే బ్రాకెట్ పెట్టెలో ఉందో లేదో షాపులోనే విప్పి చూసుకోండి.