గరికయందలి నేలభేదములు

యర్రగొండపాలెము ప్రాంతమున పొలముల వెంట ఒక్క ఉదయము నడచినచో నాలుగు విధముల నేలలు కాలికి తగులును. కొండపాదముల ఎర్ర గరప, పల్లమున నల్లరేగడి, మార్కాపురము వైపు పలకరాతిమీది పలుచని మట్టిపొర, నీరు నిలిచి యింకినచోట తెల్లని చవుడు. ఈ నాల్గింటియందును మొలచు మొక్క యొకటి కలదు. అది గరిక.

పేరు ఒక్కటియైనంత మాత్రమున అన్నిచోట్లను ఆ మొక్క స్వభావము ఒక్కటియే యగునా? ఈ నెల పాఠమున ఈ ప్రశ్నను విచారింతము. ఇది పండితులకు మాత్రమే పనికివచ్చు ప్రశ్న కాదు. గట్లు నిలుచుటయు, బీళ్ళలో పశువులకు మేత దొరకుటయు, సంఘము పంచు విత్తనము ఫలించుటయు కొంతవరకు దీనిపై ఆధారపడియున్నవి.

మా పొరపాటు

ముందుగా మా పొరపాటు నొకదానిని చెప్పుట న్యాయము. కొన్ని యేండ్ల క్రిందట ఒక గ్రామమున ఎర్రనేల గట్లు వానలకు కోసికొనిపోవుచుండగా, వానిపై గరిక నాటుడని మేము సలహా యిచ్చితిమి. చెరువు లోతట్టు రేగడిలో గరిక దట్టముగను పచ్చగను ఉండెను. దానినే త్రవ్వించి రెండు బండ్లలో తెప్పించి నాటించితిమి. వానకాలమున చక్కగా పట్టినది. మరుసటి వేసవికి ముక్కాలువంతు ఎండిపోయెను. ఆ గట్టు చివరనే, తనంతట మొలచియున్న పొట్టిగరిక మాత్రము తొలకరికి మరల చిగిర్చెను. అక్కడి వృద్ధరైతు ఒకడు, “అయ్యా, ఇది యెర్రనేల గరిక, అది చెరువు గరిక. పేరొకటే గాని పుట్టుక వేరు” అనెను. మేము నవ్వి యూరకుంటిమి.

బాల్యమున మిషను బడిలో విత్తువాని ఉపమానము చదివినవారము. రాతినేల, ముండ్లనేల, మంచినేల యని అందు నేలభేదము చెప్పబడినది. విత్తనము మాత్రము అంతయు నొక్కటే యని మేము చాలకాలము తలంచుచుంటిమి. ఆ వృద్ధుని మాటలో శాస్త్రము కలదని తరువాత తెలిసికొంటిమి.

తిండి భేదము, పుట్టుక భేదము

ఒకే జాతి మొక్కలలో కనబడు భేదములు రెండు విధములు. నీరు, ఎరువు హెచ్చుటచే ఏపుగా పెరుగుట మొదటిది. ఇది సామాన్యముగా ఆ మొక్కతోనే ముగియును. దాని సంతతికి రాదు. బీజమునందే యుండి తరతరములకు దిగివచ్చునది రెండవది. కంటితో చూచి ఈ రెంటిని వేరుపరచుట కష్టము.

స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు గోటె టురెస్సన్ దీనికి సులభమైన మార్గము చూపెను. వేర్వేరు తావులలో పెరుగు ఒకే జాతి మొక్కలను తెచ్చి ఒకే తోటలో పెంచెను. నేలయు నీరును ఒక్కటియైన తరువాతను పెక్కు భేదములు మిగిలియేయుండెను. అట్లు మిగిలినదే పుట్టుక భేదము. ఇట్టి తావురకములకు ఆయన 1922లో ‘ఎకోటైపు’ అను పేరు పెట్టెను.

మన దేశమునను ఇట్టి పరిశోధన జరిగినది. పి. యస్. రామకృష్ణన్ గారు నేలకంటి ప్రాకెడు చిన్న నానుబాల మొక్కను గూర్చి 1965లోను, సహపరిశోధకునితో కలసి మన గరికను గూర్చియే 1966లోను వ్యాసములు ప్రకటించిరి. సున్నము హెచ్చుగా గల నేలనుండి తెచ్చిన మొక్కలును, సున్నము తక్కువగా గల నేలనుండి తెచ్చినవియు, సున్నము విషయమున ఒకే తీరుగ ప్రవర్తింపలేదని వారు చూపిరి. వృద్ధరైతు చెప్పినదియు నిదియే గదా.

చేట చెరిగినట్లు

మొక్క తానై నేర్చుకొని నేలకు తగినట్లు మారునని తలంపరాదు. కళ్ళమున చెరుగునపుడు చేట గింజను గట్టిపరచదు. తాలును పోగొట్టి గట్టిగింజను మిగుల్చును. నేల చేయు పనియు నిట్టిదే. ఒక మొక్క విత్తనములన్నియు అచ్చముగా నొక్క తీరున నుండవు. బీజమునందు అప్పుడప్పుడు స్వల్పమైన మార్పు తనంతట కలుగుచుండును. పుప్పొడి కలయుటచే ఆ మార్పులు క్రొత్త కూర్పులు పొందును. ఎర్ర గరపలో ఎండకు తాళగలిగినది బ్రదికి విత్తనము వేయును, తాళలేనిది నశించును. ఏటేట ఇట్లు చెరుగగా చెరుగగా ఆ నేలకు తగిన గుణముగల మొక్కలే మిగులును. గరిక గణుపులచే ప్రాకును గనుక, ఒకసారి నెగ్గిన మొక్క తనవంటి మొక్కలనే గట్టు పొడుగున పరచును.

ఈ చెరుగుడు మిక్కిలి స్పష్టముగా కనబడునది గనుల దిబ్బలపైన. గనులనేల మనకు దూరమైనది కాదు. మనకు తూర్పున వినుకొండ దాపునగల అగ్నిగుండాల ప్రాంతమున, బండలమోటులో సీసమును, నల్లకొండ, ధూకొండలందు రాగియు కనుగొనబడినవి. రాగి, సీసము హెచ్చైన మన్ను చాల మొక్కలకు విషము. అయినను బ్రిటనులోని వేల్సు దేశమున ఇట్టి గనుల దిబ్బలపై గడ్డి పెరుగుచుండుట చూచి ఎ. డి. బ్రాడ్‌షా గారును వారి సహచరులును చాలకాలము పరిశోధించిరి. మామూలు పచ్చికబయలి గడ్డి విత్తనమును రాగిమట్టిలో చల్లగా దాదాపు అంతయు చచ్చెను. వేయింటికి ఒకటి రెండు మాత్రమే బ్రదికెను. ఆ ఒకటి రెండింటి సంతతియే దిబ్బను కప్పగలిగినది. అట్లని దిబ్బగడ్డి అన్నిట మేలైనది కాదు. మంచి నేలలో మామూలు గడ్డితో పోటీ పెట్టగా అది వెనుకబడెను. ఒకచోటి బలము మరియొకచోట భారమగును.

రెండు గడ్డులును ప్రక్కప్రక్కనే యున్నవి గదా, గాలికి పుప్పొడి కలసి భేదము చెరిగిపోదా యని యడుగవచ్చును. కలయుట నిజమే. కాని ప్రతి తరమునందును నేల మరల చెరుగుచున్నది. అంతేకాక, దిబ్బమీది గడ్డి ప్రక్కనున్న పచ్చికకంటె సుమారు వారము రోజులు ముందుగా పూచుచున్నదని మెక్‌నీలీ, ఆంటోనోవిక్స్ అనువారు 1968లో ప్రకటించిరి. పూతకాలము వేరైనకొలది కలయిక తగ్గును. కలయిక తగ్గినకొలది భేదము స్థిరపడును. ఒక జాతి రెండు జాతులుగా చీలుటకు ఇది తొలిమెట్టు కావచ్చును.

దీనికి వేలయేండ్లు పట్టునని తలంపరాదు. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్‌లో 1856లో ఒక పచ్చికబయలును మడులుగా విభజించి, మడికొక విధముగా ఎరువు వేయుట మొదలిడి, నేటికిని సాగించుచున్నారు. పడు వాన యొక్కటే. ఎరువు, సున్నము మాత్రమే వేరు. ఆ ప్రక్కప్రక్క మడులలో పెరిగిన ఒకే జాతి గడ్డి, కొన్ని దశాబ్దములలోనే పుట్టుకచే వేరుపడినట్లు స్నేడన్ గారు 1970 దశకమున చూపిరి. కావున రైతు వేయు ఎరువును, చల్లు మందును గూడ చేటలే. హర్యానా, పంజాబు గోధుమచేలలో ఏటేట ఒకే కలుపుమందు చల్లుచు రాగా, 1990 దశకపు తొలియేండ్లకే గుల్లిదండ యను కలుపు ఆ మందునకు చావక నిలిచెను.

రైతు చేయదగిన పరీక్ష

మా గట్టుమీద గరిక ఎండుటకు పుట్టుక యెంత కారణమో, తడినేలలో పెరిగిన యలవాటు ఎంత కారణమో ఆ యొక్క అనుభవముచే తేల్చుటకు వీలులేదు. సభ్యులు దీనిని తామే పరీక్షింపవచ్చును.

1. ఎర్రనేల గరికను, రేగడి గరికను వేర్వేరుగా పదేసిచోట్ల నుండి తెచ్చి, ఒకే మడిలో ఒక యేడాది పెంచవలెను. దీనిచే పాత తిండి ప్రభావము చాలవరకు పోవును.

2. తరువాత సమానమైన గణుపు ముక్కలు కోసి, ఎర్రనేలయందును రేగడియందును రెండు రకములను సాలు విడిచి సాలుగా నాటవలెను. ఒక్కచోట గాక నాలుగుచోట్ల నాటుట మేలు.

3. వేసవి చివరను, తొలకరి పడిన పదునైదు దినములకును బ్రదికిన మొక్కలను లెక్కించి వ్రాయవలెను.

ప్రతి రకమును తన నేలలో రెండవదానికంటె నెగ్గినచో భేదము పుట్టుకలో నున్నట్లు. రెండును అంతట సమానమైనచో అది తిండి భేదమే. ఒకే రకము రెండుచోట్లను నెగ్గినచో దానినే అంతట నాటవచ్చును. ఏది తేలినను రైతునకు లాభమే.

సంఘ సభ్యులకు సూచనలు

గట్టునకు గాని బీటికి గాని గడ్డి నాటదలచినపుడు, అట్టి నేలనుండియే తెచ్చుట క్షేమము. పచ్చదనము చూచి మోసపోరాదు, మేము మోసపోయితిమి. గడ్డి విత్తనము సేకరించునపుడు ఏపైన ఒక్క మొక్కనుండి గాక, ఏబదింటికి తక్కువగాకుండ మొక్కలనుండి కొంచెము కొంచెముగా తీయవలెను. గుణములు పలువిధములుగా నున్న విత్తనమునకే కరవుయేట కొంత మిగులును. సంచిమీద ఊరిపేరుతో బాటు నేలపేరు గూడ వ్రాయవలెను. నల్లమల రక్షితారణ్యమునందు అనుమతి లేక ఏ మొక్కను త్రవ్వరాదు.

అడవిమొక్కయే గదా యని తేలికగా చూడరాదు. పటాన్‌చెరువులో 1972లో నెలకొల్పబడిన ఇక్రిశాట్ సంస్థవారు, కెజానస్ కెజానిఫోలియస్ అను అడవికంది సహాయమున ఐ.సి.పి.హెచ్. 2671 అను సంకర కందిని రూపొందించిరి. అది 2010లో సాగునకు విడుదలయ్యెను. ఎవరును విత్తని, ఎవరును నీరు పెట్టని మొక్కలో మన కందిచేనికి పనికివచ్చు గుణము దాగియుండెను. మన తాతలనాటి నాటుకంది, నాటుజొన్న గింజలును ఈ నేలచేతనే తరతరములుగా చెరుగబడినవి. క్రొత్త రకము వేయుడు. కాని ఇంటనున్న పాతవిత్తనమును ఒక్క సాలైనను వేసి నిలుపుకొనుడు. ఒకసారి పోయినదానిని ఏ సంఘమును మరల కొని యియ్యజాలదు.

ఆ వృద్ధరైతు నేడు లేడు. ఆయన చూపిన పొట్టిగరిక ఆ గట్టును ఇప్పటికి సగముదాక కప్పినది.