చేతిలో ఉన్నంతలో రాత్రి వంట

నెల మొదటి వారంలో ఈ శీర్షికకు ఆవకాయ కొలతలు, అరిసెల పాకం గురించి ప్రశ్నలు వస్తాయి. ఇరవయ్యో తారీకు దాటాక వచ్చేవి వేరు. పప్పు డబ్బా అడుగు కనిపిస్తోంది, సిలిండర్ తేలికైంది, పిల్లలు కంచం ముందు మొహం చిట్లిస్తున్నారు, రాత్రికి ఏం వండాలి? ఈసారి అన్నీ అలాంటివే.

ప్రశ్న: మేం ఐదుగురం. మా ఆయన ఆటో నడుపుతారు. కందిపప్పు ధరకు భయపడి పప్పును రోజురోజుకీ పలచన చేస్తున్నాను. పప్పుచారు అన్నంతో పిల్లలకు చాలినట్టేనా?
– ఒక గృహిణి, ఖమ్మం

జవాబు: కడుపు నిండుతుంది గానీ ఎదిగే పిల్లలకు కావలసింది అందదు. 100 గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. 200 గ్రాముల పప్పు ఉడికించి ఐదుగురికి వడ్డిస్తే తలా 9 గ్రాముల దాకా వస్తుంది. పప్పు సగం చేసి నీళ్లు పెంచితే అది నాలుగున్నరకు పడిపోతుంది. ఉప్పూ పులుపూ సరిపోతే ఆ తేడా నాలుకకు తెలియదు, అదే చిక్కు. ఇంటి ఖర్చు ఎక్కడ తగ్గించినా సరే, పప్పు గరిటె దగ్గర మాత్రం తగ్గించకూడదు.

అయితే అది కందిపప్పే అయి తీరాలని లేదు. పెసర, శనగ, మసూర్ పప్పులు ప్రొటీన్‌లో కందికి తీసిపోవు. ఏ వారం ఏది చవకగా ఉంటే అది కొనవచ్చు, లేదా కందిలో సగం పెసర కలపవచ్చు. పెసరపప్పు త్వరగా ఉడుకుతుంది, గ్యాసు కూడా కలిసొస్తుంది. గిన్నె నిండుగా కనిపించాలంటే నీళ్లకు బదులు సొరకాయో, దోసకాయో, తోటకూరో వేయాలి. అన్నంలో పప్పు కలుపుకునే మన అలవాటు వెనక మంచి లెక్కే ఉంది. బియ్యంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పుల్లో మిథియోనిన్ తక్కువ. కలిపి తింటే ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుంది.

పప్పు ఒక్కటే దారి కూడా కాదు. నాలుగు గుడ్లలో, 100 గ్రాముల వేరుశనగ గుళ్లలో, 50 గ్రాముల మీల్‌మేకర్‌లో ఉండే ప్రొటీన్ ఇంచుమించు ఒకటే, 25 గ్రాములు. గుడ్డులోది ఒంటికి బాగా పడుతుంది. మీల్‌మేకర్‌ను వేడినీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండి, సన్నగా తరిగి వంకాయ కూరలో కలిపితే పిల్లలు గుర్తు కూడా పట్టరు. వేరుశనగ గుళ్లు వేయించి, ఎండుమిరప, వెల్లుల్లి వేసి దంచిన పొడి సీసాలో ఉంటే కూర లేని రాత్రి అన్నం ఒట్టిది కాదు.

ఉలవల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఒక గ్లాసు ఉలవలు రాత్రంతా నానబెట్టి, నీళ్లు ఎక్కువ పోసి ఉడికిస్తే ఒకే పొయ్యి మీద రెండు వంటకాలు తయారవుతాయి. వార్చిన ఉలవకట్టులో చింతపండు రసం పోసి మరిగిస్తే చారు. గింజలకు తాలింపు పెడితే గుగ్గిళ్లు. వెనకటి రోజుల్లో కట్టు మనుషులకు, గింజలు పశువులకు పోయేవి. కానీ బలం ఎక్కువగా ఉండేది గింజలోనే. చారు ఎంత రుచిగా ఉన్నా గుగ్గిళ్లను వదలకూడదు.

ప్రశ్న: రేషన్ బియ్యం కడుగుతుంటే కొన్ని గింజలు పైకి తేలుతున్నాయి, రంగు కూడా తేడాగా ఉంది. ప్లాస్టిక్ బియ్యమని మా వీధిలో అందరూ ఏరి పారబోస్తున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: నిజం కాదు. అవి ప్లాస్టిక్ కాదు, ఫోర్టిఫైడ్ గింజలు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ కలిపి, యంత్రంలో గింజల ఆకారంలో ఒత్తి, మామూలు బియ్యంలో వందకు ఒకటి చొప్పున కలుపుతారు. 2024 మార్చి నాటికి దేశమంతటా రేషన్ దుకాణాలకు ఈ బియ్యాన్ని చేర్చారు. రక్తహీనత ఎక్కువగా ఉన్న ఇళ్లకు చేరాలని కలిపినదాన్నే ఆ ఇళ్లలో ఏరి పారబోయడం బాధ కలిగించే విషయం. బియ్యం రెండుసార్లు కడిగితే చాలు. గంజి వార్చకుండా అత్తెసరు పెడితే విటమిన్లు కంచం దాకా వస్తాయి. వార్చక తప్పదనుకుంటే ఆ గంజిని పప్పులోనో చారులోనో పోయాలి.

బియ్యం గురించి మరో మాట. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు తెలుగు నేల మీద ఎన్నో ఇళ్లలో రాత్రి పొయ్యి వెలిగింది. 2025 ఉగాది నుంచి తెలంగాణలో రేషన్ కార్డు మీద మనిషికి నెలకు 6 కిలోల సన్న బియ్యం ఉచితంగా ఇస్తున్నారు. బియ్యం మీద మిగిలిన డబ్బు మళ్లీ బియ్యానికే పోతే లాభం లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనల ప్రకారం 2000 కేలరీల రోజువారీ భోజనంలో ధాన్యాలు 250 గ్రాములు, పప్పులో గుడ్లో మాంసమో కలిపి 85 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు ఉండాలి. మన కంచాల్లో అన్నం కొండంత, కూర గోరంత. ఆ కొలతను కొంచెం కొంచెంగా సరిచేసుకోవడానికి ఉచిత బియ్యం మంచి అవకాశం.

ప్రశ్న: టమోటా ధర పెరిగితే మా ఇంట్లో వంటే ఆగిపోతుంది. ప్రత్యామ్నాయం చెప్పండి.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: దేశంలోని పెద్ద టమోటా మార్కెట్లలో మదనపల్లె ఒకటి. 2023 జూలైలో అక్కడే కిలో వంద రూపాయలు దాటింది. మరో సీజన్‌లో అదే పంటకు కోత కూలి రాక రైతు చేలోనే వదిలేస్తాడు. ధర పడిన రోజుల్లో రెండు కిలోలు ఎక్కువ కొని, ముక్కలు కోసి, ఉప్పు చల్లి ఎండలో గలగలలాడేదాకా ఎండబెట్టుకుంటే కరువు రోజులకు అక్కరకొస్తాయి. రైతు దగ్గరా నాలుగు కాయలు ఎక్కువ అమ్ముడవుతాయి.

అసలు తెలుగు వంటకు పులుపు టమోటాతో మొదలవలేదు. చింతపండు, చుక్కకూర, గోంగూర, చింతచిగురు, మామిడికాయ, మామిడి ఒరుగులు, నిమ్మ... వీటిలో ఏదో ఒకటి ఏ నెలలోనైనా దొరుకుతుంది. పచ్చిపులుసుకైతే పొయ్యి కూడా దాదాపు అక్కర్లేదు. చింతపండు పిసికిన నీళ్లలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర, పైన చిన్న తాలింపు వేస్తే అయిపోతుంది. పెసరపప్పు కట్టుపొంగలితోనో, ముద్దపప్పుతోనో అది భోజనానికి చాలు.

బీరకాయ తొక్కును చెత్తబుట్టలో వేసే ఇంట్లో ఒక పచ్చడి ఉచితంగా పోయినట్టే. ముల్లంగి ఆకు పప్పులోకి, కాలీఫ్లవర్ కాడలు పులుసులోకి పనికొస్తాయి. 1999 జనవరి 26న మొదలైన రైతుబజార్లలో ఆ రోజు ధర బోర్డు మీద రాసి ఉంటుంది. అది చూశాకే సంచి తెరవడం మంచి అలవాటు. మూసే వేళకు వెళ్తే ఆకుకూరలు తగ్గించి ఇస్తారు, కానీ వాటిని ఆ రాత్రే వండేయాలి. చవకగా వచ్చిందని నాలుగు కట్టలు కొని రెండు కుళ్లబెడితే, నిండు ధరకు రెండు కొన్నట్టే.

ప్రశ్న: సిలిండర్ నెల రోజులకే అయిపోతోంది. నూనె కూడా అంతే. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఇంటి సిలిండర్‌లో ఉండేది 14.2 కిలోల గ్యాసు. ఎక్కువగా వృథా అయ్యేది మూత లేని గిన్నె నుంచి, గిన్నె అంచులు దాటి పైకి ఎగబాకే మంట నుంచి. నీళ్లు మరిగే వేడికి చేరాక మంట ఎంత పెంచినా పప్పు త్వరగా ఉడకదు, నీళ్లు ఆవిరి కావడం తప్ప. మరిగేదాకా పెద్ద మంట, ఆ తర్వాత సన్న మంట, పైన మూత ఉండాలి. మంట నీలంగా కాక పసుపు రంగులో వస్తుంటే బర్నర్ చిల్లులు పూడుకున్నాయని అర్థం. సూదితో శుభ్రం చేసుకోవాలి.

మధ్యాహ్నమో, పనికి వెళ్లే ముందో పప్పు కడిగి నానబెట్టి వెళ్తే రాత్రి వంట సమయం బాగా తగ్గుతుంది. కుక్కర్లో అడుగున పప్పు, పై గిన్నెలో బియ్యం పెడితే ఒకే మంటకు రెండూ అవుతాయి. చివరి విజిల్‌కు ఎదురుచూడకుండా ఒకటి ముందే ఆపేయవచ్చు, లోపలి ఆవిరి మిగతా పని పూర్తి చేస్తుంది. ఆవిరి దానంతటది దిగేదాకా మూత జోలికి పోకూడదు.

నూనె లెక్క చిన్నది. పోషకాహార సంస్థ చెప్పిన కొలత మనిషికి రోజుకు 27 గ్రాములు. నలుగురికి నెలకు మూడున్నర లీటర్ల దాకా అవుతుంది. అంతకు మించి ఖర్చయ్యే ఇంట్లో వేపుళ్లు వారానికి ఒకటికి తగ్గించి, మిగతా రోజులు ముద్దకూర, పులుసుకూర, ఆవపెట్టిన కూర వండుకోవచ్చు. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు ఇక్కడి పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్ ధర ఎందుకు మండిపోయిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ప్రశ్న: రోజూ పప్పు, కూర అంటే పిల్లలు తినడం లేదు. బండి మీద నూడుల్స్ కావాలంటున్నారు.
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: పిల్లలు విసిగేది పప్పుతో కాదు, రోజూ ఒకేలా కనిపించే కంచంతో. అవే దినుసులను వేరే రూపంలో పెడితే చాలు. నాలుగు ప్లేట్ల నూడుల్స్ డబ్బుతో అర కిలో పెసలు, డజను గుడ్లు వస్తాయి. పెసలు పొద్దున నానబెట్టి, గుప్పెడు బియ్యం కలిపి రాత్రికి రుబ్బితే పెసరట్టు. పిండి పులియాల్సిన పని లేదు. కరీంనగర్‌లో ఉన్నవాళ్లకు సర్వపిండి గురించి చెప్పనక్కర్లేదు. నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లిపాయ, బియ్యప్పిండి కలిపి గిన్నెకు ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, చుక్క చుక్క నూనె వేసి మూత పెడితే బయటి తిండిని మరిపించే కరకరలాడే రాత్రి భోజనం అది. ఒత్తే పని పిల్లల చేతికే ఇవ్వాలి. తమ చేత్తో చేసినదాన్ని వాళ్లు వదిలిపెట్టరు.

ప్రశ్న: ఆదివారం కూడా కోడి కూర వండలేకపోతున్నాం.
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: దోసకాయ మాంసం, గోంగూర మాంసం, చింతచిగురు మాంసం... కొంచెం మాంసాన్ని పదిమందికి సరిపెట్టే విద్య మన పెద్దలకు బాగా తెలుసు. అర కిలో కోడిలో బంగాళాదుంపలు, మునక్కాడలు వేస్తే కూర రెండింతలవుతుంది. కోడి లివర్ చవక, ఇనుము దండి. కాకినాడలో రొయ్యపొట్టుకు కొరత లేదు. గుప్పెడు పొట్టును బాగా కడిగి బీరకాయలో వేస్తే కూరకు ప్రాణం వస్తుంది. ఎండుచేపల్లో ఉప్పు ఎక్కువ కాబట్టి బీపీ ఉన్నవాళ్లు తగ్గించాలి. కార్తీకంలో చాలా ఇళ్లలో నీచు ముట్టరు, కోడి ధర దిగుతుంది. మొక్కులేవీ లేనివాళ్లకు అది అనుకూలమైన నెల.

ప్రశ్న: అత్తమామలతో కలిపి ఆరుగురం. నాలుగు గుడ్లు తెచ్చి పులుసు పెడతాను. అందరికీ వడ్డించాక నాకు పులుసే మిగులుతుంది. అలవాటైపోయింది గానీ ఈమధ్య మెట్లెక్కితే ఆయాసం వస్తోంది.
– పేరు రాయని పాఠకురాలు

జవాబు: ఆ ఆయాసాన్ని అలవాటు కింద జమకట్టకూడదు. ముందు దగ్గర్లోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం అని తేలింది. వంట చేసే మనిషి చివర తినే ఇళ్లలో, ఖర్చు తగ్గినప్పుడల్లా తరుగు పడేది ఆమె కంచంలోనే. పొదుపు లెక్కల్లో ఆ తరుగు ఎవరూ రాయరు.

మునగాకు, తోటకూర వారంలో నాలుగు రోజులైనా తినాలి. పైన నిమ్మరసం పిండితే ఆకుల్లోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం కాగానే టీ తాగితే అది తగ్గిపోతుంది, గంట ఆగాలి.

ఇక గుడ్ల సంగతి. పులుసులో గుడ్లు లెక్కకు కనిపిస్తాయి కాబట్టి నాలుగు గుడ్లకు నలుగురే హక్కుదారులవుతారు. అవే నాలుగు గుడ్లు రెండు పెద్ద ఉల్లిపాయలు, గుప్పెడు తరిగిన మీల్‌మేకర్‌తో పొరటు చేస్తే ఆరు వాటాలకు సరిపోతుంది. కంచాలు ఆరూ ఒకేసారి పరిచి, పొరటు మొత్తం ఆరింటిలోనూ వడ్డించాకే అందరూ కూర్చోవాలి. మారు వడ్డనకు గిన్నెలో మిగలాల్సింది చారు, మజ్జిగ.