పంటి వేరు శుభ్రత – మొక్కల మందులు ఎంతవరకు?



పిప్పిపన్నుకు రూట్ కెనాల్ చికిత్స చేయించుకున్నవారికి ఒక వాసన గుర్తుండిపోతుంది. అది బట్టలు తెల్లబరిచే బ్లీచింగ్ వాసన. పంటి లోపల కడిగే మందుది ఆ వాసన. అది ముక్కుకు తగలగానే చాలామంది, "ఇంత ఘాటు మందు ఎందుకండీ? వేపరసంతోనో పసుపుతోనో కడగకూడదా?" అని మమ్మల్ని అడుగుతుంటారు. ఇది నవ్వి తోసిపుచ్చవలసిన ప్రశ్న కాదు. మన దేశంలోనూ విదేశాల్లోనూ పరిశోధకులు ఇదే ప్రశ్న మీద పనిచేస్తున్నారు. ఈ నెల పాఠంలో దానికి జవాబు తెలుసుకుందాం.

పంటి లోపల ఏముంది?

పన్ను పైకి రాయిలా కనిపించినా లోపల బోలుగా ఉంటుంది. ఆ ఖాళీలో నరాలు, రక్తనాళాలు కలిసిన మెత్తని కండ ఉంటుంది. మనం "పంటి నరం" అనేది దీన్నే. ఇది సన్నని గొట్టాల గుండా వేరు చివరి వరకు సాగుతుంది. ముందు పళ్ళకు సాధారణంగా ఒక గొట్టం, దవడ పళ్ళకు మూడు నాలుగు గొట్టాలు ఉంటాయి.

పుచ్చు లోతుకు పాకినప్పుడు క్రిములు నరాన్ని చేరతాయి. రాత్రిళ్ళు నిద్రపట్టనంత పోటు పుడుతుంది. కొన్నాళ్ళకు నరం చచ్చిపోతుంది, పోటు తగ్గుతుంది. "దేవుని దయవల్ల తగ్గిపోయింది" అని ఊరుకుంటాం. నిజానికి తగ్గింది నొప్పే గాని జబ్బు కాదు. చచ్చిన కండ క్రిములకు ఆహారమై, వేరు చివర చీము పడుతుంది.

కడగడం ఎందుకంత ముఖ్యం?

రూట్ కెనాల్ చికిత్సలో డాక్టరు సన్నని సూదుల్లాంటి పరికరాలతో గొట్టాన్ని గీకి శుభ్రం చేస్తారు. కాని పరికరం అన్ని మూలలకూ చేరదు. బందరు కాలువలో పూడిక తీసినంత మాత్రాన పొలం గట్టున ఉన్న బోదె బాగుపడదు కదా! పంటిలోనూ అంతే. పెద్ద గొట్టం నుండి పిల్ల గొట్టాలు చీలతాయి. వేరు చివర గొట్టం పాయలు పాయలుగా విడిపోయే చోటును దంత వైద్యులు కూడా "డెల్టా" అనే పిలుస్తారు. పరికరం వెళ్ళలేని చోటికి వెళ్ళగలిగేది కడిగే ద్రవమే.

ఆ ద్రవం మూడు పనులు చేయాలి.

1. క్రిములను చంపాలి.
2. మిగిలిపోయిన చచ్చిన కండను కరిగించాలి.
3. గీకినప్పుడు గోడలకు అంటుకునే ముద్దలాంటి పొరను తొలగించాలి.

మొదటి రెండు పనులకు సోడియం హైపోక్లోరైట్ వాడతారు. బ్లీచింగ్ వాసన దీనిదే. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1915 ప్రాంతంలో, హెన్రీ డేకిన్ అనే రసాయన శాస్త్రవేత్త సైనికుల కుళ్ళిన గాయాలు కడగడానికి దీన్ని అరశాతం బలంతో తయారుచేశాడు. తరువాత ఇది పళ్ళ వైద్యంలోకి వచ్చింది. ఇప్పుడు అరశాతం నుండి 5 శాతం పైచిలుకు బలం వరకు వాడుతున్నారు. మూడవ పనికి ఇ.డి.టి.ఎ. అనే మరో ద్రవం 17 శాతం బలంతో వాడతారు.

ఈ మందుకు లోపాలు లేకపోలేదు. రుచి, వాసన బాగుండవు. వేరు చివర దాటి బయటి కండలోకి పోతే తీవ్రమైన మంట, వాపు వస్తాయి. అందుకే పంటి చుట్టూ పల్చని రబ్బరు తెర కట్టి, నెమ్మదిగా, ఒత్తిడి లేకుండా కడగాలి. ఈ లోపాల వల్లనే పరిశోధకులు మొక్కల వైపు చూశారు.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

వేప ఆకు, పసుపులోని కర్కుమిన్, గ్రీన్ టీ, త్రిఫల, నోని పండు రసం వంటివాటిని పరీక్షించారు. నోని మన తొగరు చెట్టు జాతిదే. 2008లో అమెరికా పరిశోధకులు, పీకిన పళ్ళను నోని రసంతో కడిగి, ఆ తరువాత ఇ.డి.టి.ఎ. వాడితే, ముద్దపొర తొలగడంలో ఫలితం హైపోక్లోరైట్ వాడినప్పటితో దాదాపు సమానంగా ఉందని ప్రకటించారు.

మనకు ఇంకా ఉపయోగపడే అధ్యయనం చెన్నై పరిశోధకులది, 2010లో ప్రచురితమైంది. వారు పీకిన పళ్ళ మీద ఎంటరోకాకస్ ఫీకాలిస్ అనే మొండి క్రిమిని పెంచారు. రూట్ కెనాల్ విఫలమైన పళ్ళలో ఈ క్రిమి తరచు కనిపిస్తుంది. మూడు వారాలు పెరిగిన క్రిముల పొర మీద త్రిఫల, అంటే ఉసిరి, కరక్కాయ, తానికాయల పొడి, హైపోక్లోరైట్‌తో పాటు బాగా పనిచేసింది. ఆరు వారాలు ముదిరిన పొర మీద మాత్రం త్రిఫల, గ్రీన్ టీ రెండూ క్రిములను పూర్తిగా ఆపలేకపోయాయి. 5 శాతం హైపోక్లోరైట్ ఆపగలిగింది.

దీనిలో రెండు సంగతులు గమనించాలి. మొదటిది, మన పెరటి మొక్కల్లో నిజమైన శక్తి ఉంది. రెండవది, జబ్బు ముదిరేకొద్దీ ఆ శక్తి చాలదు. మన దగ్గరకు వచ్చే పళ్ళు ఎక్కువగా నెలల తరబడి ముదిరినవే. పైగా ఈ పరీక్షలు పీకిన పళ్ళ మీద జరిగినవి. క్రిమిని చంపే గుణం ఉన్నంత మాత్రాన చచ్చిన కండను కరిగించే గుణం ఉండదు. ఆకు కోసిన కాలాన్ని, రసం తీసిన విధానాన్ని బట్టి బలం కూడా మారుతుంది. అందుచేత మొక్కల ద్రవాలు ఇంకా హైపోక్లోరైట్ స్థానంలోకి రాలేదు.

చెట్టు ఇప్పటికే మన పంటిలో ఉంది

అయితే చికిత్సలో మొక్కలకు చోటు లేదనుకోవద్దు. శుభ్రం చేసిన గొట్టాన్ని నింపే గట్టా పెర్చా అనే పదార్థం మలయా ప్రాంతపు ఒక చెట్టు పాలనుండి వస్తుంది. ఆ చెట్టు మన సపోటా, ఇప్ప చెట్ల కుటుంబానికి చెందినది. దానితోపాటు వాడే కొన్ని అతుకు మందుల్లో జింక్ ఆక్సైడ్‌తో కలిపేది యూజినాల్, అంటే లవంగ నూనెలోని ముఖ్య పదార్థమే. కొలత తెలిసి, శుద్ధిచేసి, సరైన చోట వాడినప్పుడు మొక్క మంచి మందు అవుతుంది.

ఇంట్లో చేసేవాటి సంగతి

పోటు వచ్చినప్పుడు పుచ్చులో పొగాకు, కర్పూరం, జిల్లేడు పాలు పెట్టుకునేవారు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. జిల్లేడు పాలు చిగురును, నాలుకను పుండు చేస్తాయి, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పొగాకు పెట్టే అలవాటు నోటి క్యాన్సరుకు దారి. లవంగ నూనె కాసేపు తిమ్మిరి కలిగిస్తుంది గాని వేరులోని చీమును తీయదు. ఎక్కువగా వాడితే చిగురు కాలుతుంది. వేపపుల్లతో మెత్తగా తోముకోవడం మంచి అలవాటే. కాని అది పంటి పైభాగాన్ని శుభ్రం చేస్తుంది, లోపలి గొట్టాన్ని కాదు.

ఇంకొక పొరపాటు, మొదటి సిట్టింగులో పోటు తగ్గగానే రావడం మానేయడం. మాసూళ్ళు, క్రిస్మస్, సంక్రాంతి అంటూ వాయిదా వేస్తారు. తాత్కాలికంగా పెట్టిన సిమెంటు ఈలోగా అరిగిపోతుంది, క్రిములు మళ్ళీ చేరతాయి. అప్పుడు నిలబడవలసిన పన్ను పీకవలసి వస్తుంది.

గుర్తుంచుకోవలసినవి

1. చల్లని, వేడి పదార్థాలు తగిలి పన్ను జివ్వుమన్నప్పుడే చూపించుకోండి.
2. షుగరు, రక్తం పలుచబరిచే మాత్రలు, గర్భం, మందులు పడకపోవడం వంటివి ముందే డాక్టరుతో చెప్పండి.
3. కడుగుతుండగా భరించలేని మంట పుడితే వెంటనే చెయ్యి ఎత్తండి. మొహమాటపడవద్దు.
4. చెప్పిన తేదీకి వచ్చి చికిత్స పూర్తిచేయించుకోండి. దవడ పంటికి తొడుగు వేయమంటే వేయించుకోండి.
5. దవడ కింద వాపు, జ్వరం, నోరు తెరవలేకపోవడం, మింగడంలో లేదా ఊపిరి పీల్చడంలో కష్టం ఉంటే రాత్రయినా సరే ఆసుపత్రికి రండి. ఇది ప్రాణాపాయం.

దగ్గరలో పళ్ళ వైద్యం లేనివారికి విజయవాడ ప్రభుత్వ దంత కళాశాలలోను, గన్నవరం వద్దనున్న సిద్ధార్థ దంత కళాశాలలోను ఈ చికిత్సకు ప్రత్యేక విభాగాలు ఉన్నాయి.

యిర్మీయా గ్రంథం 8వ అధ్యాయం చివరలో ప్రవక్త గిలాదు గుగ్గిలాన్ని, వైద్యుణ్ణి పక్కపక్కనే ప్రస్తావించాడు. మొక్కను సృజించిన దేవుడే దాన్ని ఎంత, ఎలా వాడాలో తెలుసుకునే జ్ఞానాన్నీ మనిషికిచ్చాడు. రెండింటినీ కృతజ్ఞతతో అందుకుందాం. పంటిపోటును మాత్రం వచ్చే పండుగ దాకా వాయిదా వేయవద్దు.