సేవ చేసే చేతులకు మనమేం ఇస్తున్నాం?
(ఆసుపత్రి సిబ్బంది సంతృప్తిపై ఒక పరిశీలన)

ధర్మాసుపత్రికి విరాళం ఇచ్చేటప్పుడు మనలో చాలామంది ఒక మంచమో, ఒక యంత్రమో, ఒక గదో ఇస్తారు. అది మంచి పనే. కానీ ఆ మంచం మీది రోగికి రాత్రి రెండు గంటలకు సెలైన్ మార్చే నర్సుకు నెలకు ఎంత ముడుతోంది, ఆమెకే జబ్బు చేస్తే ఎవరు చూస్తారు అని అడిగేవారు తక్కువ. ఆ ప్రశ్నను దాతల ముందు పెట్టాలనే ఈ వ్యాసం రాస్తున్నాం.

మేము వైద్యులం కాము, బడిపంతుళ్లం. మా దగ్గర పదో తరగతి చదివిన ఆడపిల్లలు కొందరు నర్సులయ్యారు. పండక్కి ఇంటికి వచ్చినప్పుడు వాళ్లు చెప్పే మాటలే మమ్మల్ని ఈ విషయం వైపు మళ్లించాయి. ఒకమ్మాయి మూడేళ్లు జీఎన్ఎం చదివి ఒక చిన్న ఆసుపత్రిలో చేరింది, రెండేళ్లు తిరక్కుండానే మానేసింది. జీతం చాలకనా అని అడిగాం. "జీతం తక్కువని తెలిసే చేరాను సార్. సెలవు అడిగితే దొంగను చూసినట్టు చూస్తారు. రోగుల ముందే కేకలేస్తారు. అదే తట్టుకోలేకపోయాను" అంది. ఇంకొకచోట రాత్రిపూట నేల తుడుస్తూ ఒక ఆయా జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు ఉచితంగానే కట్టారు గానీ, పనికి రాలేని రోజులకు జీతం కోసేశారు. ఆమె పేరు ఈఎస్ఐలో నమోదు కాలేదు. దీపం కింద చీకటి అంటే ఇదే.

అసంతృప్తి ఒకటి, సంతృప్తి మరొకటి

బి.ఎడ్.లో చదివిన ఒక పాఠం ఇక్కడ పనికొస్తుంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్, ఆయన సహచరులు పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సుమారు 200 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను ప్రశ్నించి 1959లో ఒక సిద్ధాంతం ప్రకటించారు. జీతం, పనిచేసే పరిస్థితులు, సంస్థ నిబంధనలు, పై అధికారి తీరు సరిగా లేకపోతే ఉద్యోగికి అసంతృప్తి పుడుతుంది. అవన్నీ సరిచేసినంత మాత్రాన సంతృప్తి రాదు, అసంతృప్తి పోతుంది, అంతే. సంతృప్తి రావాలంటే చేసిన పనికి గుర్తింపు, బాధ్యత, ఎదిగే అవకాశం ఉండాలి.

ఆసుపత్రి ఉద్యోగికి మొదటిరోజు నుంచే పనిలో అర్థం కనిపిస్తుంది. కోలుకున్న రోగి నవ్వే ఆమెకు గుర్తింపు. యాజమాన్యాలు ఇక్కడే పొరబడుతుంటాయి. "ఇది సేవ కదా" అని చెప్పి జీతాన్నీ సెలవునూ పక్కన పెడతాయి. సేవాభావం మనిషిని పనిలోకి రప్పిస్తుంది గానీ, ఇంటి అద్దె కట్టదు.

లెక్క చూద్దాం

10 మంది, అంతకుమించి పనిచేసే చోట, నెలకు 21,000 రూపాయల వరకు జీతం ఉన్నవారికి ఈఎస్ఐ వర్తిస్తుంది. 2019 జులై నుంచి యాజమాన్యం వాటా 3.25 శాతం, ఉద్యోగి వాటా 0.75 శాతం. అంటే 12,000 జీతం ఉన్న ఆయాకు యాజమాన్యం నెలకు కట్టవలసింది 390 రూపాయలు, ఆమె కట్టేది 90. దీనితో ఆమెకూ ఆమె కుటుంబానికీ వైద్యం దొరుకుతుంది. నిబంధనలకు లోబడి, జబ్బుపడితే ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం, పనిలో గాయపడి తాత్కాలికంగా పనికి రాలేకపోతే 90 శాతం అందుతుంది. మొదటి ఇద్దరు పిల్లల కాన్పులకు 26 వారాల జీతం వస్తుంది. అలాంటి పదిమందికి యాజమాన్యం వాటా ఏడాదికి 46,800 రూపాయలు.

20 మంది, అంతకుమించి పనిచేసే చోట ప్రావిడెంట్ ఫండ్ ఉంటుంది. ఉద్యోగి 12 శాతం, యాజమాన్యం 12 శాతం కడతారు. ఇక గ్రాచ్యుటీ. ఐదేళ్లు నిండిన ఉద్యోగికి ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున లెక్కకట్టి ఇస్తారు. 12,000 మూల వేతనంతో పదేళ్లు చేసిన ఆయాకు ఇది సుమారు 69,230 రూపాయలు. ఒక పేద ఇంట్లో ఆ మొత్తం కూతురి చదువు కావచ్చు.

నర్సుల జీతాల విషయం సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. కోర్టు ఆదేశం మీద 2016లో కేంద్రం వేసిన కమిటీ, 50 కంటే తక్కువ పడకలున్న ప్రైవేటు ఆసుపత్రుల్లో సైతం నర్సుకు నెలకు కనీసం 20,000 ఇవ్వాలని సిఫారసు చేసింది. చిన్న ఆసుపత్రులు తమ జీతాల పట్టికను ఈ అంకె పక్కన పెట్టి చూసుకోవాలి.

ఖర్చు లేని సగం

మంచి యాజమాన్యానికి కావలసిన వాటిలో చాలా వాటికి డబ్బు అక్కర్లేదు. ఒకటో తారీకున జీతం, చేతికి జీతం చీటీ, డ్యూటీ పట్టిక ముందే గోడమీద, రాత్రి డ్యూటీ అందరికీ సమానంగా, తప్పు చేస్తే గదిలోకి పిలిచి చెప్పడం, బాగా చేస్తే నలుగురిలో మెచ్చుకోవడం. తరగతి గదిలో మేము నేర్చుకున్నదీ ఇదే. పదిమందిలో తిట్టిన పిల్లవాడు పాఠం నేర్చుకోడు, దాక్కోవడం నేర్చుకుంటాడు. నర్సు కూడా అంతే. ఒక మోతాదు పొరపాటు జరిగితే, తిట్లకు భయపడి ఆమె దాన్ని దాచితే నష్టపోయేది రోగి. కనుక సిబ్బంది సంతృప్తి రోగి క్షేమానికి సంబంధించిన విషయం కూడా.

సిబ్బంది మనసు తెలుసుకోవడానికి ఏడాదికి రెండుసార్లు ఒక చిన్న ప్రశ్నపత్రం చాలు. జీతం వేళకు అందుతోందా? సెలవు దొరుకుతోందా? ఇబ్బంది ఉంటే ఎవరికి చెప్పాలో తెలుసా? రాత్రి డ్యూటీలో భద్రత ఉందా? వచ్చే ఏడాది కూడా ఇక్కడే ఉండాలనుకుంటున్నారా? పేరు రాయనక్కర్లేదు. చదవడం రాని ఆయాలకు ఎవరైనా చదివి వినిపించాలి. కాగితాలు తీసుకునేది మాత్రం సూపర్‌వైజర్ కాకూడదు. జవాబులు చదివాక కనీసం ఒక్కటైనా మార్చి చూపాలి. లేకపోతే రెండోసారి ఎవరూ నిజం రాయరు.

దాతలకు మనవి

మీరు సాయం చేసే ఆసుపత్రిని మూడు మాటలు అడగండి. సిబ్బంది అందరూ ఈఎస్ఐలో ఉన్నారా? గ్రాచ్యుటీకి డబ్బు పక్కన పెడుతున్నారా? పోయిన ఏడాది ఎంతమంది మానేశారు, ఎందుకు? పదిమంది కంటే తక్కువ ఉన్న చిన్న క్లినిక్ అయితే వారికి ఆరోగ్య బీమా చేయించమనండి. జకాత్ సొమ్ము ఏ ఖర్చుకు వాడవచ్చో ఆలిములు చెబుతారు. మిగతా విరాళాల్లో కొంత మాత్రం "సిబ్బంది సంక్షేమానికి" అని రాసి ఇవ్వండి. దాని మీద మీ పేరు చెక్కడానికి గోడ ఉండదు. కానీ ఈసారి జారిపడిన ఆయా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ఆ నర్సు వచ్చే ఏడాది కూడా అదే వార్డులో ఉంటుంది.